పంచుకుని తిన్న సుల్తాన్

హిందీలో తానాషాహీ అంటే నియంతృత్వం. న్యూస్ డిబేట్లలో రోజూ వినే మాటే. అది మన గోల్కొండ చివరి సుల్తాన్ పేరు నుంచి పుట్టిందని చాలామంది అంటారు. మనకేమో తానీషా అనగానే రామదాసు, భద్రాచలం, కూచిపూడి గుర్తొస్తాయి. ఒకే మనిషి అక్కడ నియంత, ఇక్కడ దయగల ప్రభువు! ఏది నిజం? హాస్టల్ మెస్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూస్తే కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది కదా. నేను తానీషాని కూడా అలాగే చూశాను. ఆయన ఎవరితో తిన్నాడు, ఏం తాగాడు, ఎవరికి ఏం పంచాడు?

ఆయన అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. రాజవంశానికి బంధువే అయినా యవ్వనమంతా గడిచింది కోటలో కాదు. హైదరాబాద్‌లో షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యుడిగా ఉన్నాడు. సూఫీల ఖాన్‌కా అంటే మన మఠం లాంటిది. వచ్చినవాడు ఎవరని అడగకుండా ముందు అన్నం పెట్టడం అక్కడి పద్ధతి. ఆ తర్వాత సుల్తాన్ అబ్దుల్లా తన మూడో కూతుర్ని ఇచ్చి పెళ్లి చేశాడు. 1672లో మామగారు పోయాక, ఆయనకి కొడుకులు లేకపోవడంతో, దర్బారులోని పెద్దలు పెద్దల్లుణ్ణి పక్కకి తప్పించి ఈయన్ని గద్దెనెక్కించారు. నిన్నటిదాకా ఫకీరుల పంక్తిలో కూర్చున్నవాడు ఒక్కసారిగా వజ్రాల రాజ్యానికి రాజయ్యాడు.

గద్దెతో పాటు దాని అలవాట్లు కూడా వచ్చాయి. హైదరాబాద్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో కవి. ఈద్ మీద, వసంతం మీద, తొలకరి వానల మీద రాశాడు. ఆ పండగల్లో విందు, పాట, మధుపాత్ర కలిసే ఉంటాయి. గోల్కొండ దర్బారులో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు చాలామంది ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడ షిరాజ్ ఊరి ద్రాక్ష వైన్‌కి గొప్ప పేరు. బందర్ అబ్బాస్ రేవులో ఓడలెక్కి అది ఇండియాకి కూడా వచ్చేది. మన మచిలీపట్నం ఓడలు ఆ రేవుతో వ్యాపారం చేసేవి. మామూలు జనానికి మాత్రం తాటికల్లే. తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఆ రోజుల్లో హైదరాబాద్ చూసి, రోజూ వందల గుర్రాల మీద తోలుతిత్తుల్లో కల్లు సిటీలోకి వచ్చేదని, దాని మీద రాజుకి బాగా ఆదాయం ఉండేదని రాశాడు. అంటే గోల్కొండలో తాగడం దాచుకునే పని కాదు. అతిథికి మంచి వైన్ పోయడం మర్యాదలో భాగం.

కానీ అందరినీ ఆ మర్యాదతోనే గౌరవించలేం. ఇక్కడే కూచిపూడి కథ వస్తుంది. విజయవాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి వైపు వెళ్తే వస్తుంది ఆ ఊరు. తానీషా మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూశాడని, ముచ్చటపడి ఊరినే వాళ్లకి అగ్రహారంగా రాసిచ్చాడని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కళని ఆపకుండా కొనసాగించాలన్నదే షరతట.

ఈ కథలో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. ఆ భాగవతులు బ్రాహ్మణులు. సుల్తాన్ ఇంట్లో వైన్ సంగతి వదిలేయండి, ఆ కాలంలో వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. ఇరానీ సర్దారుని మెచ్చుకుంటే గిన్నె నింపి చేతికివ్వచ్చు. వీళ్లకి ఏమివ్వాలి? పంట పండే భూమి ఇచ్చాడు. దాంతో వాళ్ల అన్నం వాళ్లే, వాళ్ల ఆచారం ప్రకారం, వాళ్ల వంటింట్లో వండుకుని తినచ్చు. నా గిన్నెలో తాగితేనే నావాడివి అనే పట్టింపు లేకుండా పంచడం ఇది.

భద్రాచలంలోనూ ఇదే కనిపిస్తుంది. రామదాసుని ఖైదులో పెట్టించింది ఆయన ప్రభుత్వమే, అది మర్చిపోకూడదు. అయితే శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతోనే మొదలైందని ప్రతీతి. ఇప్పటికీ ప్రభుత్వం తరఫున ముత్యాలు వెళ్తాయి. ఆ పండగ రోజు పందిట్లో పంచేది బెల్లం పానకం. ఎవరి పండగకి వాళ్ల గ్లాసు. పండగ తనది కాకపోయినా ముత్యాలు మాత్రం తనవి.

ఆయన ప్రధాని మాదన్న, మాదన్న సోదరుడు అక్కన్న, ఇద్దరూ దర్బారులో చక్రం తిప్పిన బ్రాహ్మణులు. 1686లో గోల్కొండ వీధిలో వాళ్లని చంపేశారు. ఔరంగజేబు తానీషా మీద మోపిన నేరాల పట్టీని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిపెట్టాడు. బ్రాహ్మణుల చేతిలో అధికారం పెట్టాడు, శంభాజీకి డబ్బు పంపాడు, తాగుడులో మునిగిపోయాడు. ఔరంగజేబు స్వయంగా మందు ముట్టనివాడు. ఆయన లెక్కలో గిన్నె కూడా ఒక నేరమే. కానీ ఆ పట్టీలో మొదటి రెండూ రాజకీయాలు. మూడోది మాత్రం జనానికి తేలిగ్గా గుర్తుండిపోయే మచ్చ. తాగుబోతు అని ఒక్క మాట అంటే చాలు, మిగతావేవీ ఎవరూ అడగరు. ఇప్పటికీ మనం మనుషుల్ని అలాగే కొట్టిపారేస్తాం.

గోల్కొండ ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. ఫిరంగులతో పడని కోట లంచంతో పడింది. 1687 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. మొఘల్ సేన లోపలికొచ్చిందని తెలిసి తానీషా పారిపోలేదు. అంతఃపురంలో అందరినీ ఓదార్చి, సెలవు తీసుకుని, దర్బారు హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. భోజనం వేళ కాగానే వడ్డించమన్నాడు. పట్టుకోవడానికి వచ్చిన సేనాని రూహుల్లా ఖాన్‌నీ, వెంట ఉన్నవాళ్లనీ ఎదురొచ్చిన అతిథుల్లా పలకరించాడు. వాళ్లని కూడా భోజనానికి పిలిచాడని చెబుతారు. తర్వాత గుర్రమెక్కి వాళ్లతో వెళ్లి, మెడలోని ముత్యాల హారం తీసి ఔరంగజేబు కొడుక్కి కానుకగా ఇచ్చాడు. ఇదంతా రాసింది తాగుబోతు అని రాసిన ఆ ఖాఫీ ఖానే. తాగుడుకి బానిసైనవాడు ఆ పొద్దున అంత నిబ్బరంగా ఉండగలడా? నాకైతే ఖాన్‌కాలో నేర్చుకున్న పాఠమే కనిపిస్తుంది. వచ్చినవాడు ఎవరైనా ముందు అన్నం.

ఆయన్ని దౌలతాబాద్ కోటకి పంపారు. అక్కడే సుమారు పన్నెండేళ్లు ఖైదీగా ఉండి కన్నుమూశాడు. గోల్కొండ పక్కన ఆ వంశం సమాధుల మధ్య ఆయన లేడు. ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. 1707లో పోయిన ఔరంగజేబు సమాధి కూడా ఆ ఊళ్లోనే. కోట పడిపోయింది, ఆ దర్బారు విందులు ఎప్పుడో ఆగిపోయాయి. ఆయన కూర్చుని తినలేని పంక్తివాళ్లకి ఇచ్చాడని చెప్పే ఊళ్లో మాత్రం ఇంకా గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. ఈసారి మచిలీపట్నం బీచ్‌కి ట్రిప్ వేస్తే పామర్రు దగ్గర ఒక్క గంట అటు తిరగండి.