న్యాయమూర్తి బ్రాండైస్ – టెలిఫోను తీగె

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, లూయీవిల్ నగరమందు 1856లో లూయీ బ్రాండైస్ జన్మించెను. తల్లిదండ్రులు ప్రాగ్ నగరమునుండి వలసవచ్చిన యూదులు. ఇరువదియవ యేటనే హార్వర్డులో న్యాయశాస్త్ర పట్టమునంది, సహాధ్యాయి శామ్యూల్ వారెన్‌తో కలిసి బోస్టనులో న్యాయవాదవృత్తి నారంభించెను.

1888లో కోడక్ కెమెరా అంగళ్లకు వచ్చెను. అంతకుమున్ను ఫొటో తీయించుకొనువాడు కుర్చీలో కదలక కూర్చుండవలెను. అనగా అతని సమ్మతి లేనిదే చిత్రము లేదు. చేతిలో నిముడు పెట్టె వచ్చినపిమ్మట ఆ సమ్మతితో పనిలేకపోయెను. వదంతులమ్ముకొను పత్రికలకది వరమయ్యెను. 1890లో మిత్రులిరువురును హార్వర్డు న్యాయపత్రికలో వ్యాసము ప్రకటించి, పరుల చూపునకు దూరముగా నుండుట మనుష్యుని హక్కని వాదించిరి. ఇది ధనికుల చీకాకునుండి పుట్టినదని ఆక్షేపించువారు కలరు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఈ బ్రాండైసే 1914లో, బ్యాంకుల వ్యవహారములు ప్రజలయెదుట వెల్లడి కావలెనని గ్రంథము వెలువరించెను. ఇందు వైరుధ్యము లేదు. పదిమంది సొమ్ముతో వర్తకము చేయువాని ఖాతా వేఱు, సామాన్యుని పడకగది వేఱు.

1916లో అధ్యక్షుడు విల్సన్ ఆయనను సుప్రీంకోర్టుకు నియమింపగా సెనేటులో నాలుగు నెలలు పోరు సాగెను. ఆ పదవినందిన తొలి యూదుడాయన.

1928లో ఓమ్‌స్టెడ్ వ్యాజ్యము వచ్చెను. మద్యనిషేధకాలమున సియాటిల్‌లో దొంగచాటుగా మద్యము నమ్మించుచున్న వాడీ ఓమ్‌స్టెడ్. అధికారులు ఇంట నడుగిడక, వెలుపలి టెలిఫోను తీగెలకు వేఱు తీగెలు తగిలించి నెలల తరబడి సంభాషణలు వినిరి. వ్రాసికొన్నది టైపు చేయగా 775 పుటలైనది. ఇది సోదా యగునా కాదా? 1791 నాటి రాజ్యాంగ సవరణ దేహమును, గృహమును, పత్రములను, వస్తువులను కాపాడును; ఎవరును ఇల్లు చొరలేదు, ఏ వస్తువును గొనిపోలేదు, కావున తప్పు లేదని ఐదుగురు న్యాయమూర్తులు తీర్మానించిరి. ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. చట్టమందలి పదములే హద్దు కాకున్న న్యాయమూర్తి యూహకు హద్దెక్కడ?

విభేదించిన నలుగురిలో బ్రాండైసొకడు. సవరణ వ్రాసిననాడు టెలిఫోనే లేదు. కనుక పదమును కాక, పౌరునికి కలుగు హానిని చూడవలెనని ఆయన పక్షము. అంతటితో నాగలేదు. ఒకనాడు ప్రభుత్వము సొరుగు తెరువకయే అందలి కాగితములను న్యాయస్థానమున చూపగలుగునేమో, మనశ్శాస్త్రము పెరిగి నోట పలుకని తలపులను సైతము బయటికి లాగునేమో యని శంకించెను. తొలి ముసాయిదాలో టెలివిజన్ ప్రస్తావనయు కలదు. తుదిప్రతిలో దానిని తొలగించెను. న్యాయపీఠము జోస్యము చెప్పుచోటా యని మనకు తోచవచ్చును. కాని టెలిఫోనును, చేతికెమెరాను తన జీవితకాలముననే పుట్టగా చూచిన మనుష్యుడాయన.

1939లో పదవి విరమించి, 1941లో మరణించెను. 1967లో, బహిరంగ టెలిఫోను గదికి వెలుపల యంత్రము నమర్చి విన్న కేట్జ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు తన పాత సిద్ధాంతమును విడనాడెను.

అప్పటికే మన దేశమున నీ ప్రశ్న తలయెత్తియుండెను. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యమందు, పోలీసు నిఘానుగూర్చి విచారించుచు, గోప్యత రాజ్యాంగదత్తమైన హక్కు కాదని అధికసంఖ్యాకులనగా, రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు అది వ్యక్తిస్వాతంత్ర్యములో అంతర్భాగమని భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సుబ్బారావుగారి పక్షమునే గైకొనెను. 1890 నాటి ఆ బోస్టను మిత్రుల వ్యాసమును ఆ తీర్పున చర్చింపబడినది.