ఎర్ర గోలీ ఎనక ఉన్న మనిషి

గర్భిణులకు ఆశావర్కర్లు ఎర్ర గోలీలు ఇస్తరు. ఒక్కో దాంట్ల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటయి. 180 దినాలు మింగాలె. మస్తు మంది నాలుగు దినాలు మింగి, కడుపుల తిప్పుతుందని తక్కినయి పక్కకు పడేస్తరు. ఐరన్ ఎందుకో అందరికి ఎరికే. ఆ రెండోది ఎందుకో, దాన్ని ల్యాబుల తయారుజేసిన టీమును నడిపించింది ఒక తెలుగాయన అని చాలమందికి తెల్వది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంల పుట్టిండు. ఇంట్ల పైసలకు కటకట. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలే. మద్రాసు మెడికల్ కాలేజీల చేరినంక ఖద్దరు వేసుకుంటే సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చిందట. ఎంబీబీఎస్ రావాల్సినోనికి ఎల్ఎంఎస్ అనే చిన్న డిగ్రీ చేతుల పెట్టిన్రు. గియ్యన్ని తర్వాత సంగతి. ఆయన బతుకును మలిపింది స్ప్రూ అనే కడుపు జబ్బు. కొద్దిరోజుల తేడాతోని ఇద్దరు అన్నదమ్ములు దాంతోనే పోయిన్రు. ఆయనకు సుత అంటుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదంతోని బతికించిండు.

స్ప్రూ ఏం చేస్తదో జర అర్థం చేసుకోవాలె. మనం తిన్న బువ్వ కడుపుల నలిగి చిన్నపేగుకు వస్తది. ఆ పేగు లోపల మక్‌మల్ బట్ట మీది నూగు లెక్క సన్నటి మొనలు ఉంటయి. సారమంతా గుంజుకునేది అవే. ఆకుకూరలల్ల, పప్పులల్ల ఉండే ఫోలేట్ సుత ఈడనే తోక తెంపుకొని రక్తంలకు పోతది. స్ప్రూ వస్తే ఆ మొనలు చదునైపోతయి. ఎంత తిన్నా ఒంటికి పట్టదు, బేదులు ఆగయి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. పేగు పైపొర నాలుగైదు దినాలకోసారి కొత్తగ తయారైతది. కొత్త కణం పుట్టాలంటే పాత కణంల ఉన్న డీఎన్ఏకు నకలు తియ్యాలె. రెండు పోగుల జడ విప్పి, ఒక్కో పోగుకు ఎదురంగ కొత్త అక్షరాలు పేర్చుడే ఆ పని. ఏకు టీ, జీకి సీ. టీ అక్షరం తయారుగావాలంటే ఫోలేట్ కావాలె. ఫోలేట్ లేకుంటే టీ లేదు, టీ లేకుంటే నకలు నడుమల ఆగుతది. తొందర తొందరగ పెరిగే కణాలకే ముందుగాల దెబ్బ: పేగు పొరకు, ఎముకల మూలుగల రక్తం పుట్టే కాడ. పేగు పాడైతే ఫోలేట్ ఒంటికి ఎక్కదు, ఎక్కకుంటే పేగు బాగుగాదు. ఆ ఇద్దరు అన్నదమ్ములు ఏ గుంజాటల చిక్కుకున్నరో అప్పట్ల ప్రపంచంల ఏ డాక్టర్‌కూ తెల్వది.

మామ సాయంతోని, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి పైసలతోని 1922 అక్టోబర్‌ల బోస్టన్ చేరిండు. రాత్రిళ్లు దవాఖానల రోగుల మలమూత్రాలు ఎత్తిపోసి హార్వర్డ్‌ల చదివిండు. అక్కడ ఫిస్క్‌తోని కలిసి 1925ల ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టిండు. ల్యాబులల్ల ఇప్పటికీ దానికి వీళ్లిద్దరి పేరే. 1927ల ఫాస్ఫోక్రియాటిన్, 1929ల ఏటీపీ. అదే ఏడు జర్మనీల లోమన్ సుత ఏటీపీని పట్టుకున్నడు. తిన్న తిండి ఆఖరుకు కణంల ఏటీపీగ మారి ఖర్చయితది. డీఎన్ఏ అక్షరాలు సుత గట్లనే మూడు ఫాస్ఫేట్లు తగిలించుకొని వస్తయి. రెండు తెగితె వచ్చే శక్తితోనే అక్షరం అతుకుతది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ కొలువు ఇయ్యలే.

1940ల లెడర్లీ కంపెనీకి వోయిండు. అప్పటికే లూసీ విల్స్ అనే ఆమె బొంబాయిల గర్భిణుల రక్తహీనత చూసి, ఈస్ట్‌ల ఏదో మందు గుణముందని చెప్పింది. 1941ల అమెరికాల పాలకూర నుంచి తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టిన్రు. సుబ్బారావు టీము 1945ల దాన్ని కృత్రిమంగ తయారుజేసింది. స్ప్రూకు మందు దొరికింది. ఫైలేరియాకు మన ఊర్లల్ల పంచే డీఈసీ గోలీ సుత ఆ ల్యాబుల నుంచి వచ్చిందే.

ఇగ ఉల్టా ఆలోచన. ఫోలేట్ లేకుంటే నకలు ఆగుతది గదా, మరి క్యాన్సర్ కణాల నకలు ఆపొచ్చు గదా? ఫోలిక్ యాసిడ్ లెక్కనే కనిపించి పని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను ఆయన టీము చేసింది. బోస్టన్‌ల సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చిండు. 1948 జూన్‌ల అచ్చయిన లెక్క ప్రకారం 16 మందిల 10 మందికి జబ్బు తగ్గింది. కొన్ని నెలలే తగ్గింది, ఖరే. అప్పటిదాంక అది సుత లేకుండె. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇయ్యాల కీళ్లవాతానికి సుత వాడుతున్నరు.

రెండు నెలలకే, ఆగస్టుల, 53 ఏండ్లకు న్యూయార్క్‌ల నిద్రల పాణం పోయింది.

ఆయన మీద రాసేటోళ్లు ఎక్కువగ నోబెల్ రాలేదని బాధపడతరు. నాకైతే ఆయన భార్య శేషగిరి యాదికొస్తది. ఆయన ఓడ ఎక్కినప్పుడు కడుపుతోని ఉండె. పుట్టిన కొడుకు పసితనంలనే పోయిండు. తండ్రి ఆ పిల్లగాని మొఖం చూడలే. దీన్ని ఆయన త్యాగమని రాసుడు నాకు నచ్చదు. ఆమెను ఎవలు అడిగిన్రు? శేషగిరి ఆయనను ఆఖరుసారి చూసింది 1922ల.