ఆసుపత్రి పాలనకు బడి పెట్టించిన నైటింగేల్

ఏటా మే 12న ఆసుపత్రుల్లో నర్సుల దినోత్సవం జరుపుతారు. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు. చేత దీపం పట్టుకుని రాత్రివేళ రోగుల మంచాల మధ్య తిరిగిన దయామయిగా ఆమె బడిపిల్లలకు కూడా తెలుసు. ఆసుపత్రిని నడపడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని చాటి, ఆ విద్యకు బడి పెట్టించింది ఆమేనన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆమె 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి వద్దే చదువుకున్నారు. లెక్కలంటే ఆమెకు మహా ఇష్టం. ఆ రోజుల్లో నర్సు పనిని చిన్నచూపు చూసేవారు. ఇంట్లో వాళ్లు ససేమిరా ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి పట్టు విడవక 1851లో జర్మనీలోని కైజర్‌స్వెర్త్‌లో శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ శుభ్రమైన బట్టలు లేవు, సరైన తిండి లేదు. ఆమె వంటశాల పెట్టించారు, బట్టలు ఉతికించే ఏర్పాటు చేశారు, సరుకుల పంపిణీ చక్కదిద్దారు. అయినా ఆ చలికాలంలో చావులు ఆగలేదు. గాయాల కంటే విరేచనాలు, కలరా, జ్వరాలతో చనిపోయిన సైనికులే ఎక్కువ. 1855 మార్చిలో ప్రభుత్వ పారిశుద్ధ్య సంఘం వచ్చి, భవనం కింద పూడుకుపోయిన మురుగు కాలువలు బాగుచేయించి, గదుల్లోకి గాలి వచ్చేలా చేసింది. దాంతో మరణాలు బాగా తగ్గిపోయాయి.

1856లో స్వదేశం చేరాక ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని ఆ మరణాల లెక్కలు తీశారు. ఎంత సేవ చేసినా ఆసుపత్రి నిర్వహణ సరిగా లేకపోతే రోగి బతకడని ఆ లెక్కల్లో తేలింది. 1858లో లండన్ గణాంక సంఘంలో తొలి మహిళా సభ్యురాలయ్యారు. అన్ని ఆసుపత్రులూ రోగుల వివరాలు ఒకే పద్ధతిలో రాయాలని నమూనా పట్టికలు తయారు చేశారు.

యుద్ధకాలపు సేవకు మెచ్చి ప్రజలు ఇచ్చిన విరాళాలతో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం ప్రారంభమైంది. శిక్షణ ఒక సంవత్సరం. తర్వాతి కాలంలో ఇందులో రెండు తరగతుల వారు ఉండేవారు. సాధారణ విద్యార్థినులకు భోజనం, వసతి ఉచితం. సొంత ఖర్చుతో చేరిన చదువుకున్న స్త్రీలను మేట్రన్లుగా, సూపరింటెండెంట్లుగా తయారు చేసేవారు. నర్సులపై అధికారం మేట్రన్‌కే ఉండాలని ఆమె పట్టుబట్టారు.

ఇక్కడ తర్ఫీదు పొందిన ఆగ్నెస్ జోన్స్ 1865లో లివర్‌పూల్ పేదల ఆసుపత్రి బాధ్యత స్వీకరించారు. 1868లో రోగులకు సేవ చేస్తూ విషజ్వరంతో కన్నుమూశారు. అదే ఏడాది లూసీ ఆస్బర్న్ ఐదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఆసుపత్రికి వెళ్లారు.

నైటింగేల్ భారతదేశం ఎన్నడూ చూడలేదు. అనారోగ్యంతో మంచం పట్టి కూడా ఇక్కడి సైనికుల ఆరోగ్యంపై విచారణకు పూనుకున్నారు. వెయ్యికి 69గా ఉన్న బ్రిటిష్ సైనికుల వార్షిక మరణాలు 1873 నాటికి 18కి తగ్గాయి. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచేవి. కరువు పోవాలంటే కాలువలు తవ్వాలన్న కాటన్ వాదాన్ని గట్టిగా బలపరిచారు. 1910 ఆగస్టు 13న తన 90వ ఏట లండన్‌లో కన్నుమూశారు.

1934లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం ఆసుపత్రి పాలనలో డిగ్రీ చదువు ప్రారంభించింది. నేడు మన దేశంలోనూ ఆ చదువు ఉంది. డాక్టరు మందు రాసినా, నర్సు సేవ చేసినా, నీరు, మురుగు, మందుల నిల్వ, రిజిస్టరు చూసుకునే మనిషి లేకపోతే ఆ శ్రమ వృథా అవుతుంది. స్కుటారిలో జరిగింది అదే. మన పిల్లల్లో లెక్కల మీద, సేవ మీద ఆసక్తి ఉన్నవారు ఎన్నుకోదగిన చదువు ఇది.