కమ్మరి కొడుకు తిప్పిన కరెంటు

మన ఊరి కరెంటు ఎనక ఒక కమ్మరి కొడుకున్నడు. పేరు మైఖేల్ ఫారడే. 1791ల లండన్ పక్కన పుట్టిండు. పేదరికంతోని బడి సదువు పెద్దగ సాగలే. 14 ఏండ్లకు పుస్తకాలు కుట్టే పనికి చేరి, కుట్టుకుంటనే సదువుకున్నడు. 1813ల రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ ల్యాబ్‌ల సహాయకుడైండు. లెక్కలు అంతగ రావు. చెయ్యే ఆయన బలం.

1831ల తీగచుట్టల అయస్కాంతం కదిలిస్తే కరెంటు పుడతదని తేల్చిండు. రామగుండంల ఆవిరి, శ్రీశైలంల నీళ్లు, గాలిమరల గాలి నడిపేది గా సూత్రాన్నే. సోలార్ పలక దారే వేరు. బొగ్గు తగ్గి గాలి పెరిగినా ఆయన సూత్రం పాతబడలే.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నడు. 1867ల పోయిండు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ల్యాబ్ తాళం తియ్యని కాలేజీకి ఫీజు కట్టుడేంది? పట్టాతోపాటు చేతికి పని నేర్పమని గట్టిగ అడుగుండ్రి.