విద్యాసాగరుని ముద్రాలయము

ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు విన్నంతనే వితంతూద్వాహములును, బాలికా పాఠశాలలును మనకు జ్ఞప్తికి వచ్చును. ఆయన 1847వ సంవత్సరమున అప్పు చేసి యొక వ్యాపారము నారంభించెనను సంగతి నంతగా నెవ్వరును దలపరు. పండితుడు వర్తకమునకు దిగుట మనలో కొందరికి చిన్నతనముగా దోచుటయే యిందులకు హేతువై యుండును.

ఈయన 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమందలి వీరసింహ గ్రామమున నిరుపేద బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. కలకత్తా సంస్కృత కళాశాలలో విద్య ముగించి, 1841లో ఫోర్టు విలియం కళాశాలయందు నెలకు 50 రూపాయల జీతముపై ప్రధాన పండితుడయ్యెను. 1846లో తాను చదివిన సంస్కృత కళాశాలకే సహాయ కార్యదర్శియై వచ్చి, పాఠ్యక్రమమును సంస్కరింపదలచి యొక ప్రణాళికను సమర్పించెను. కార్యదర్శియగు రసమయ దత్తునకు నది రుచింపలేదు. మరుసటి యేడు విద్యాసాగరుడు కొలువు వదలుకొనెను.

ఎట్లు బ్రతికెదవని యడిగినవారితో, కూరగాయలమ్ముకొనియైన జీవింతును గాని గౌరవము లేని యుద్యోగము నొల్లనని యాయన చెప్పినట్లు ప్రతీతి. ఇట్టి మాట లాడుట సులభము. ఏకాకికి మఱియు సులభము. విద్యాసాగరు డేకాకి గాడు. కలకత్తా బసలో తమ్ములును, ఆశ్రితులగు విద్యార్థులును నుండిరి. స్వగ్రామమున తల్లిదండ్రు లాయన పంపు సొమ్మునకై యెదురుచూచుచుండిరి. తమ్మునికి వచ్చు జీతముతో బస వ్యయము జరుపుకొనుచు, ఇంటికి పంపవలసిన సొమ్మును అప్పు తెచ్చి పంపుచుండెను. ఆయన ధైర్యమును గొలువవలసిన దిక్కడనే యని నాకు దోచుచున్నది.

ఆ కాలముననే సహాధ్యాయియగు మదనమోహన తర్కాలంకారునితో గూడి సంస్కృత ముద్రాలయమును స్థాపించెను. చేతిలో మూలధనము లేదు. నీలమాధవ ముఖోపాధ్యాయుడను మిత్రుని యొద్ద 600 రూపాయలు బదులు తెచ్చి అచ్చుయంత్రము కొనిరి. యంత్రము వచ్చెను సరే, అచ్చొత్తవలసిన దేమి? కొనువా రెవ్వరు? ఫోర్టు విలియం కళాశాలలో తనపై నధికారిగా నుండిన మార్షలు దొరను విద్యాసాగరుడు కలిసికొనెను. భారతచంద్రకవి విరచితమగు అన్నదామంగళ మప్పుడు తప్పులతడకగా నచ్చుపడి యుండెను. దానిని శుద్ధముగా నచ్చొత్తించి యిచ్చినచో నూరు ప్రతులు కొందునని మార్షలు వాగ్దానము చేసెను. విద్యాసాగరుడు కృష్ణనగర రాజభవనమునుండి వ్రాతప్రతి దెప్పించి, పాఠమును సవరించి ముద్రించెను. ప్రతికి 6 రూపాయల చొప్పున నూరు ప్రతులకు 600 రూపాయలు వచ్చెను. మిత్రుని ఋణము తీరెను. మిగిలిన ప్రతుల వలన వచ్చినదే ముద్రాలయమునకు పెట్టుబడి. గ్రంథము పుట్టకమునుపే కొనువాని వెదకుకొన్న యీ నేర్పును గమనింపదగును. పూర్వము కొలువున్న చోట సంపాదించుకొన్న నమ్మకమే ఆయనకు నిజమైన మూలధనము.

అంతమాత్రమున కష్టములు గట్టెక్కలేదు. 1849లో మరల ఫోర్టు విలియం కళాశాలలోనే 80 రూపాయల పనిలో చేరవలసి వచ్చెను. 1851లో సంస్కృత కళాశాలకు అధ్యక్షుడయ్యెను. ఒకప్పుడు సాగని సంస్కరణములను దానే సాగించెను. తర్కాలంకారునితో పొత్తు చెడెను. ఆ కథ మన కనవసరము. 1855లో వెలువడిన వర్ణపరిచయమును వంగదేశపు పిల్లలందరును జదివిరి. పుస్తకముల యాదాయ మట్లు స్థిరపడి యుండుటచేతనే, 1858లో పై యధికారులతో భేదము గలిగినపుడు 500 రూపాయల జీతమును సయితము వదలివేయగలిగెను.

అయినను ధనము చేత నిలువలేదు. 1856లో శాసనసమ్మతమైన వితంతూద్వాహముల వ్యయము పెక్కుమారు లాయన తలపైననే పడెను, అప్పులు పెరిగెను. బదులు సొమ్ముతో నారంభమైన యా ముద్రాలయమున మూడింట రెండు పాళ్లను 1869లో నప్పులు తీర్చుటకై విక్రయించెను.