డోలీలో మోయబడిన నాయకుడు – అపొలినారియో మబీని

ఓర్పు అనగానే తలవంచుకొని ఊరకుండుట అనే భావము మనలో చాలామందికి కలుగుతుంది. కష్టము వచ్చినప్పుడు నోరు మెదపక భరించినవానిని ఓర్పుగలవాడని మెచ్చుకుంటాము. అది ఓర్పులో సగభాగమే. తక్కిన సగభాగము ఎట్టిదో తన బ్రతుకుతో చూపిన ఒక మహనీయుని చరిత్రను ఈ శతవత్సర సంచికలో సంఘస్థుల ముందుంచుతున్నాము. ఆయన ఫిలిప్పీన్స్ దేశస్థుడు, అపొలినారియో మబీని.

వైద్యవిద్య కొరకు ఫిలిప్పీన్స్ వెళ్ళిన తెలుగు బిడ్డలు ఎందరో ఉన్నారు. అక్కడ వారు చేతబట్టే పది పీసోల నాణెముపై ఉన్న ముఖము ఈయనదే. ఆ దేశము 7,000కు పైగా దీవుల సముదాయము. ఏటా ఇంచుమించు 20 తుఫానులు ఆ ప్రాంతమును తాకుతాయి. భూకంపాలు, అగ్నిపర్వతాలు సరేసరి. దానికి తోడు 1565 నుండి 333 సంవత్సరాలు స్పెయిన్ పాలన, ఆపైన అమెరికా పాలన, నడుమ జపాను ఆక్రమణ. 1946 జూలై 4న గాని ఆ ప్రజలకు స్వాతంత్ర్యము చేతికి రాలేదు. ఇన్ని దెబ్బలు తిని కూడ నిలబడిన ఆ జాతి స్వభావము మబీని జీవితములో తేటగా కనబడుతుంది.

మబీని 1864 జూలై 23న బతాంగాస్ రాష్ట్రములో తనవాన్ దగ్గరి తలాగా అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఇనోసెన్సియో, తల్లి దియోనిసియా. ఎనిమిదిమంది బిడ్డలలో ఈయన రెండవవారు. నిరుపేద రైతు కుటుంబము. తల్లి సంతలో కాఫీ గింజలు అమ్మి నాలుగు డబ్బులు వెనుకవేసేది. కుమారుడు చదువుకుంటానని చెప్పినప్పుడు ఆ తల్లి ఎంతో మురిసిపోయింది. తన బిడ్డ దేవుని గుడిలో గురువు కావలెనన్నది ఆమె కోరిక. ఆ చదువు కొరకు ఎండనక వాననక కష్టపడి, చివరకు జబ్బుపడి కన్నుమూసింది.

ఆయన పసితనములోనే ఒక దర్జీ ఇంట చిల్లర పనులు చేసి, అందుకు బదులుగా తిండి, వసతి పొంది చదువుకున్నారు. తరువాత వలేరియో మలబానన్ అనే గురువుగారి పాఠశాలలో చేరారు. మనీలాలోని సాన్ హువాన్ దె లెత్రాన్ కళాశాలలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, చదువు మానుతూ మళ్ళీ అందుకుంటూ, 1887లో పట్టము పుచ్చుకున్నారు. 1894లో సాంతో తొమాస్ విశ్వవిద్యాలయము నుండి న్యాయవాదియై వెలువడ్డారు. అప్పటికి ఆయన వయస్సు 30.

ఇక సుఖపడవలసిన సమయమని ఎవరైనా అనుకుంటారు. కాని 1896 ఆరంభములో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. ఆ ఏడాదే స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలైంది. డాక్టరు హోసె రిజాల్ 1892లో స్థాపించిన సంఘములో మబీని సభ్యుడై, శాంతియుతమైన సంస్కరణల కొరకు పాటుబడినవారు. అందుచేత ఆయననూ అరెస్టు చేశారు. నడవలేనివాడు గనుక ఆస్పత్రిలోనే కావలి పెట్టారు. 1896 డిసెంబరు 30న రిజాల్‌ను కాల్చి చంపారు. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్న ఆ దినాలలో మబీని మాత్రము బ్రతికి బయటపడ్డారు. శాపమనుకున్న రోగమే ఆయనకు అడ్డుగోడ అయి ఉండవచ్చును.

1898లో విప్లవ నాయకుడు ఎమీలియో అగినాల్డో, మబీని రచనను చూసి ఆయనను పిలిపించుకున్నారు. అప్పుడాయన లోస్ బాన్యోస్‌లో వేడినీటి ఊటల దగ్గర చికిత్స పొందుతున్నారు. అక్కడినుండి కవీతె రాష్ట్రములోని కవిత్ పట్టణమునకు రావలెను. మన మన్యములో రోగులను మోసుకువచ్చే డోలీ వంటి దానిలో ఆయనను పరుండబెట్టారు. ఒక ఊరివారు మోసి తరువాతి ఊరివారికి అప్పగించగా, వారు ఆపైన ఊరి పొలిమేర వరకు మోశారు. ఈ విధముగా భుజము మార్చుకుంటూ జనము ఆయనను చేర్చారు. ఆ మోసినవారు చాలావరకు పేరులేని పల్లెవాండ్రు. ఈ చరిత్ర అంతటిలో మా మనస్సును ఎక్కువగా కదిలించిన ఘట్టము ఇదే.

మోయబడి వచ్చినవాడు తాను మోయవలసిన భారమును వెంటనే ఎత్తుకున్నారు. గ్రామ పాలన, న్యాయస్థానాలు ఎట్లుండవలెనో శాసనాలు వ్రాసి ఇచ్చారు. ప్రజల నడవడిక కొరకు పది ఆజ్ఞలవంటి నియమావళిని కూర్చి, అందులో దేవుని, తన గౌరవమును అన్నిటికన్న మిన్నగా ప్రేమించవలెనన్న మాటను మొదట ఉంచారు. 1899 జనవరిలో ఏర్పడిన రిపబ్లిక్‌కు తొలి ప్రధానమంత్రి అయ్యారు.

అప్పటికే స్పెయిన్, 1898 డిసెంబరు 10నాటి ఒప్పందముతో, రెండు కోట్ల డాలర్లకు ఆ దీవులను అమెరికాకు ఒప్పజెప్పింది. 1899 ఫిబ్రవరి 4న యుద్ధము మొదలైంది. అమెరికా ఏలుబడిలో కొద్దిపాటి అధికారముతో తృప్తిపడుదామన్నారు సంపన్నులు కొందరు. మబీని ఒప్పుకోలేదు. మే నెలలో స్వంతవారే ఆయనను పదవినుండి తప్పించారు. అంతకన్న నొప్పించినది మరొకటి. ఆయన కాళ్ళు పడిపోయినది చెడు నడత వలననేనని ప్రత్యర్థులు పుకారు పుట్టించారు. ఆ నింద ఆయన బ్రతికినన్నాళ్ళూ, పోయిన తరువాతకూడ వెంబడించింది. 1980లో వైద్యులు ఆయన ఎముకలను పరీక్షించి, అది పోలియోయేనని తేల్చారు. సత్యము బయటపడడానికి 77 సంవత్సరాలు పట్టింది.

1899 డిసెంబరు 10న కుయాపో అనే ఊరిలో అమెరికా సైనికులు మబీనిని పట్టుకున్నారు. 1900 సెప్టెంబరులో విడుదలై మనీలాలో తాటాకు ఇంటివంటి ఒక చిన్న ఇంట ఉంటూ వ్రాతలతో పొట్టపోసుకున్నారు. కొత్త ప్రభుత్వము ఉద్యోగము ఇవ్వజూపినా పుచ్చుకోలేదు. ఆయన వ్యాసాలు సహించలేక 1901 జనవరిలో ఆయనను సముద్రముమీది గువామ్ దీవికి పంపివేశారు.

ఆయన అక్కడ ఉండగా స్వదేశములో జనము పడిన బాధలు వర్ణనాతీతము. ఆయన పుట్టిన బతాంగాస్‌లో 1901 చివర పల్లెలను ఖాళీ చేయించి ప్రజలను శిబిరాలలో కుక్కారు. పశువుల తెగులుతో దున్నపోతులు చచ్చి పొలాలు బీడుపడ్డాయి. 1902లో వచ్చిన కలరా లక్షమందికి పైగా పొట్టన పెట్టుకున్నది. యుద్ధము, ఆకలి, రోగము కలిసి రెండు లక్షలవరకు సామాన్యులను తీసుకుపోయి ఉండునని అంచనా. అయినను మిగిలినవారు తిరిగి నారు పోసుకున్నారు, గుడిసెలు కట్టుకున్నారు.

గువామ్‌లో మబీని ఇంగ్లీషు నేర్చుకున్నారు. విప్లవ చరిత్రను స్పానిష్‌లో వ్రాసి తానే ఇంగ్లీషులోనికి మార్చారు. పరాయివారినే గాక తమ నాయకుల తప్పులనుకూడ దాచక వ్రాశారు. ఆ గ్రంథమును తల్లికి అంకితమిచ్చారు. గురువు కావలెనన్న ఆమె కోరిక తీర్చలేకపోయినా, అంగీ తొడిగినవాడే గాక, ఎక్కువమందికి మేలైన సేవ చేసి దేవుని మహిమను చాటే ప్రతివాడూ దేవుని సేవకుడేనని అందులో ఆమెకు విన్నవించుకున్నారు.

1902 జూలైలో క్షమాభిక్ష ప్రకటించి, అమెరికాకు విధేయత ప్రమాణము చేసినవారు ఇంటికి పోవచ్చునన్నారు. ఒక్కొక్కరే చేసి వెళ్ళిపోయారు. చివరకు మబీని, సేనాని అర్తేమియో రికార్తె ఇద్దరే మిగిలారు. 1903 ఫిబ్రవరిలో వారిద్దరినీ ఓడలో మనీలాకు తెచ్చారు. రికార్తె అప్పుడూ ఒప్పుకోలేదు. ఆయనను హాంగ్‌కాంగ్ పంపివేశారు. మబీని ఫిబ్రవరి 26న ప్రమాణము చేశారు.

ఇది లొంగుబాటా అని మనము ప్రశ్నించుకోకుండా ఉండలేము. మాకు తోచినది చెప్పెదము. అప్పటికి ఆయన శరీరము శిథిలమైపోయింది. తన ప్రజలకు దూరముగా నిష్కళంకుడై మరణించుటకన్న, వారి నడుమకు వచ్చి, కొంత విశ్రాంతి తరువాత ఏదో కొంత పనికివచ్చుట మేలని ఆయన తలచారు. మోసిన భుజాల ఋణము ఆయన మరువలేదు. అయితే ఆ అవకాశము దొరకలేదు. రెండున్నర నెలలకే, 1903 మే 13న, అదే కలరా ఆయననూ తీసుకుపోయింది. వయస్సు 38 సంవత్సరాలు. మనీలాలో వేలాదిమంది ఆయన శవయాత్రలో నడిచారు.

ఇక ఓర్పులోని రెండవ సగభాగమును గూర్చి వేరే చెప్పనక్కరలేదు. భరించవలసినది భరిస్తూ, ఒప్పుకోరానిది ఒప్పుకోకుండుట, చేతికి అందిన పనిని వదలకుండుట. మబీని చేసినది అదే. నాణెముమీద ఆయన ముఖము ఉన్నది, డోలీ మోసినవారి ముఖాలు లేవు. అయితే వారు ఒక ఊరి పొలిమేరలో దించి చేతులు దులుపుకొని ఉంటే ఈ చరిత్ర లేదు. మన సంఘాలలోకూడ మోయబడవలసినవారు ఉన్నారు. మన వంతు వచ్చినప్పుడు భుజము తప్పించకుండా ఉందుము గాక.