బీజాపూర్ అడవుల నుంచి తవాంగ్ కొండలకు

మీరెప్పుడైనా తెలియని ఊరికి వెళ్ళారా? అక్కడివారి తిండి, కట్టు, మాట వేరుగా ఉంటే మీకేమనిపించింది? అలాంటి చోట్ల మనుషులను తెలుసుకోవడానికే జీవితమంతా తిరిగిన వెరియర్ ఎల్విన్ గురించి ఈ పాఠంలో చదవండి.

ఎల్విన్ 1902లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో చదువుకుని, 1927లో క్రైస్తవ సేవాసంఘంలో పనిచేయడానికి మన దేశం వచ్చారు. గాంధీజీకి దగ్గరయ్యారు. 1932లో మధ్య భారతంలోని ఒక గోండు పల్లెలో కాపురం పెట్టారు. కొన్నేళ్ళకు చర్చిని విడిచిపెట్టారు.

1940 తర్వాత ఆయన బస్తర్ సంస్థానంలో తిరిగారు. గోదావరికి అవతల మనకు పొరుగున ఉన్న బీజాపూర్ అప్పుడు ఆ సంస్థానంలోనిదే. ఆ వైపు ఉండే మరియా గోండులు కోపిష్ఠులనీ, హత్యలకు వెనుదీయరనీ పేరు. ఎల్విన్ ఆ మాట విని ఊరుకోలేదు. 100 హత్యలను, 50 ఆత్మహత్యలను పరిశీలించి 1943లో పుస్తకం వెలువరించారు. తాగుడు, అనుమానం, ఆస్తి తగాదా, చేతబడి భయం ఆయనకు కనిపించిన కారణాలు. వీటిలో చాలావరకు ఏ ఊళ్ళోనైనా ఉండేవే కదా!

ఆయనలో లోపాలు లేవా? ఉన్నాయి. 1940లో ఒక గోండు యువతిని పెళ్ళాడి, 1949లో విడాకులు తీసుకున్నారు. తన ఆత్మకథలో ఆమె గురించి దాదాపు ఏమీ చెప్పలేదు.

1954లో ఎల్విన్ భారత పౌరులయ్యారు. నేటి అరుణాచల్ ప్రదేశ్‌ను అప్పుడు ఈశాన్య సరిహద్దు ప్రాంతం అనేవారు. అక్కడి గిరిజన వ్యవహారాలకు ఆయన సలహాదారుగా నియమితులయ్యారు. 1956లో టిబెట్ సరిహద్దు దగ్గరి తవాంగ్‌కు వెళ్ళారు. అప్పుడు అక్కడికి మోటారు రోడ్డు లేదు. నడుస్తూ, గుర్రాలెక్కుతూ 13,700 అడుగుల సేలా కనుమ దాటాలి. ఆ ఎత్తున చెట్లుండవు. పచ్చిక బయళ్ళలో జడల బర్రెలు మేస్తాయి. వాటి వెంట కాపరులు చోటు మారుతూ బతుకుతారు.

అక్కడ ఏం చేయాలి? రోడ్డు, బడి, ఆసుపత్రి కావాలి. కాని వాటి పేరుతో వారి భూమి, అడవి పోకూడదు. తమ కట్టు, భాష చూసి వారు సిగ్గుపడే స్థితి రాకూడదు. 1957లో ఎల్విన్ రాసిన పుస్తకం సారాంశం ఇది. ఈ విధానాన్ని నెహ్రూ ఆమోదించారు. గిరిజనులను లోకానికి దూరంగా ఉంచుతున్నారని మరికొందరు నిందించారు. 1962లో చైనా సేన తవాంగ్‌ను ఆక్రమించినప్పుడు ఆ నింద మరింత పెరిగింది. 1964లో ఎల్విన్ కన్నుమూశారు.

2024లో సేలా కొండను తొలిచిన సొరంగ మార్గం తెరిచారు. దారి సులువైంది. మరి మనుషుల మధ్య దూరం తగ్గడానికి దారి ఒక్కటే చాలా? అడవి పల్లెల నుంచి మీ సంతకు వచ్చేవారిని మీరు ఏమని పిలుస్తున్నారు? వారి ఊరి పేరు మీకు తెలుసా? ఆలోచించి ఐదు వాక్యాలు రాయండి.